ఇంటి చుట్టూ నాటిన మాటలు

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలా మానాలా అని తేల్చుకోలేక నిలబడి ఉంది. తూర్పున మబ్బు తడిసిన పలకలా నల్లగా ఉంటే, పడమర ఎండ కాస్తోంది. నర్సరీ గేటు దగ్గర కొత్త మేనేజరు అందరినీ నిలబెట్టి ఒక కాగితం చదివాడు. చినుకులు కాగితం మీద పడుతున్నా ఆపలేదు.

పాత యజమాని నర్సరీ అమ్మేసి అప్పటికి నెల. కొన్న కంపెనీ మన మొక్కల్ని ఓడలెక్కించి దూరదేశాలకు పంపుతుందట. అంటుకట్టడం నేర్చుకోవడానికి ముప్పైమంది అమ్మాయిలు బయటినుంచి వస్తారట. వాళ్ళలో ఒక్కరికీ మన భాష రాదు. అందుకని అంటుషెడ్డుకు పెద్దగా ఉండేవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడి తీరాలి. ఆరు వారాల్లో నోటి పరీక్ష. ఇక్కడివాళ్ళు ఎవరూ నెగ్గకపోతే సిటీ నుంచి మనిషిని తెస్తారు.

"ఆ సిటీ మనిషి అంటుకత్తి ఎప్పుడైనా పట్టాడా?" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. మా ఆవిడది.

"ఆయనకి డిగ్రీ ఉందమ్మా."

"డిగ్రీతో పుల్ల తెగుతుందా?"

అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, "అంత మాటకారివి కదా, నీ పేరు రాసుకోమంటావా?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. ఆమె మాత్రం చేతికంటిన మట్టి దులుపుకుని, "రాసుకోండి" అంది.

మా ఇల్లు నర్సరీ వెనకే. మధ్యలో ఒక కంచె, అందులో మనిషి పట్టేంత సందు. ఆ సాయంత్రం సందు దాటుతూ ఆమె నాతో ఒక్కటే మాట అంది. "పద్నాలుగేళ్ళు చేసిన పని ఇది. కత్తి పట్టనివాడొచ్చి నా పక్కన నిలబడి, అది పారెయ్, ఇది ఉంచు అంటుంటే నేను చెయ్యలేను. మానేసి ఇంట్లో కూర్చుంటాను."

ఆమె ఇంట్లో కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను. జ్వరమొచ్చినప్పుడే కూర్చోలేదు.

రెండోరోజు ఆమె తమ్ముడు పుస్తకం పట్టుకొచ్చాడు. అతను బస్సు కండక్టరు. ఎవరో సీట్లో మరిచిపోయారట, వారం చూసినా ఎవరూ అడగలేదట. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ఇంగ్లీషు మాటలన్నీ అందులో జంటలు జంటలుగా ఉన్నాయి. పేజీకి నడిమధ్య గీత, అటొక మాట, ఇటొక మాట.

"మామూలు మాటలు ఎవరైనా నేర్చుకుంటారక్కా," అన్నాడు కండక్టరు టికెట్ల సంచి భుజం మీంచి దించకుండానే. "పడేది ఇదిగో, ఈ జంటల దగ్గరే. ఇవి పట్టేశావంటే ఇంగ్లీషు నీ గుప్పిట్లో ఉన్నట్టే. ఇది బస్సులాంటిది. ఎక్కి నిలబడితే చాలు, అదే తీసుకుపోతుంది."

"నీ బస్సు వారానికి మూడుసార్లు మనచేత తోయించుకుంటుంది కదరా," అంది మా అమ్మ లోపలినుంచి.

"అత్తయ్యా, నీక్కూడా నేర్పుతా. నీడని ఏమంటారో చెప్పు."

"నీడే అంటారు."

"మనకి ఒక్కటే. వాళ్ళకి రెండు. చెట్టు కింద కూర్చునేది షేడ్. గోడ మీద మనలాగే కదిలేది షాడో."

అమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. "రెండు నీడలా? ఎండ మరీ ఎక్కువేమో పాపం వాళ్ళకి."

ఆ రాత్రి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. కత్తి మనం ఎవరికైనా ఇచ్చి పంపితే లెండ్, మనమే వెళ్ళి అడిగి తెచ్చుకుంటే బారో. "కత్తి అదే కదా, కంచెకి అటూ ఇటూ తిరుగుతుందంతే, దానికి రెండు పేర్లా?" అని అమ్మ వాదించేది. ఇటు పట్టుకొస్తే బ్రింగ్, అటు పట్టుకుపోతే టేక్. మట్టి కాస్త తేమగా ఉంటే డ్యాంప్, కారేంత తడిగా ఉంటే వెట్. కండక్టరు సుద్దముక్కతో ప్రతి తలుపు మీదా ఒక జంట రాశాడు. మన అక్షరాల్లోనే, పక్కపక్కన. పొయ్యి ముందు ఆమె ఒకటి అంటే అమ్మ రెండోది అందుకునేది. నీళ్ళు తోడుతూ లెండ్ బారో, పడక దులుపుతూ షేడ్ షాడో. నేను పైకి అనేవాణ్ణి కాదు గానీ, మట్టి మోస్తుంటే నా అడుగులు కూడా ఆ జంటలకే పడేవి. కాళ్ళు నేలమీద ఆనని రోజులవి. నలభై దాటిన మనుషులం, కొత్త బొమ్మ దొరికిన పిల్లల్లా ఉన్నాం.

మూడో వారం మధ్యలో కండక్టరు ఉత్తుత్తి పరీక్ష పెట్టాడు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, గొంతు మార్చాడు.

"కొత్త అంటుకి మట్టి ఎలా ఉండాలి?"

"వెట్," అంది ఆమె. "కాదు, డ్యాంప్. వెట్ డ్యాంప్."

"ఏదో ఒకటి చెప్పు."

"ఆ ఒకటి ఏదో తెలియడం లేదురా. ఒకదాన్ని పిలిస్తే రెండూ వచ్చేస్తున్నాయి."

"సరే. అంటు కట్టాక మొక్కని ఎక్కడ పెడతావు?"

"షాడోలో."

కండక్టరు నవ్వబోయి ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. మా నర్సరీలో మొక్కల మీద పరిచే పచ్చవలని పదేళ్ళుగా అందరం షేడ్‌నెట్ అనే అంటున్నాం. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు, అది ఆమె సొంతం. పుస్తకం వచ్చాక అదీ పోయింది.

ఆమె పుస్తకం మూసి తమ్ముడి సంచిలో పెట్టేసింది. "రేపు పొద్దున వెళ్ళి పేరు కొట్టెయ్యమంటాను."

"అక్కా, ఇంకా మూడున్నర వారాలుంది."

"మూడున్నర వారాల్లో ఇంకెన్ని మరిచిపోవాలిరా?"

అమ్మ నా వంక చూసి, చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఆమె షెడ్డుకు, నేను మడుల దగ్గరకు వెళ్ళాం. నా పని మడులు కట్టడం, సంచుల్లో మట్టి నింపడం, ఏ మొక్క ఎక్కడ ఉండాలో చూసి పెట్టించడం. కొత్తగా చేరిన ఒకతను తోపుడుబండి నిండా బత్తాయి మొక్కలు తెచ్చి నారింజ మడి పక్కనే దించుతున్నాడు.

"అక్కడ వద్దు," అన్నాను.

"ఖాళీగానే ఉందిగా?"

"ఖాళీ కాదు లెక్క. ఆకు ఈ వయసులో ఉన్నప్పుడు బత్తాయికీ నారింజకీ తేడా నాకే తెలీదు. చీటీలు గాలికి ఊడాయంటే మడి మొత్తం అనుమానమే. పోలిక ఉన్నవి ఎప్పుడూ పక్కపక్కన పెట్టకూడదు. మధ్యలో జామ పెట్టాలి. జామాకు గుడ్డివాడు కూడా తడిమి చెప్తాడు. ముందు ఒకటి ఎదగాలి, దాని మొహం దానికి రావాలి, ఆ తర్వాతే…"

అంతవరకు చెప్పి ఆగిపోయాను.

"తర్వాతేంటన్నా?" అన్నాడతను.

"ఏం లేదు. జామ పెట్టు."

పార అక్కడే గుచ్చి ఇంటికి నడిచాను. పద్నాలుగేళ్ళలో మధ్యాహ్నం గంట కొట్టకముందు పని వదిలి రావడం అదే మొదలు. బకెట్టుతో నీళ్ళు, గోనెముక్క తీసుకుని తలుపుల మీది సుద్దరాతలన్నీ తుడవడం మొదలుపెట్టాను.

"ఒరే, నీకేమైనా పూనిందా?" అంది అమ్మ. "ఆ పిల్ల మానేస్తానన్నది కదా అని నువ్వు తలుపులు కడుగుతావా? కాస్త ధైర్యం చెప్పాల్సింది పోయి?"

తుడిచిన గోనెముక్క పిండి ఆరేశాను. అప్పుడే ఆమె కంచె సందులోంచి వచ్చింది.

"మేనేజరు లేడు. మధ్యాహ్నం వస్తాడట, అప్పుడు చెప్తా," అంటూ తలెత్తి చూసింది. తలుపులన్నీ బోడిగా ఉన్నాయి. "ఎవరు తుడిచారు?"

"నేనే."

"ఎందుకు?"

"బత్తాయి, నారింజ," అన్నాను.

ఆమె గుమ్మంలో అలాగే నిలబడింది. ఒకసారి తలుపు వైపు, ఒకసారి నర్సరీ వైపు చూసింది. తర్వాత ఆమెకు నవ్వు మొదలైంది. గుమ్మానికి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరికీ పూనింది," అని తేల్చేసింది.

మధ్యాహ్నం ఆమె మేనేజరు దగ్గరకు వెళ్ళలేదు. ఇద్దరం ఇంటి చుట్టూ తిరిగి మాటలు నాటాం.

షేడ్‌ని నర్సరీలో వల కిందే వదిలేశాం, దాని చోటు అదే. షాడోని తెచ్చి పెరటి గోడకు ఇచ్చాం. సాయంత్రం ఎండకి మేం ముగ్గురం ఆ గోడ మీద పడతాం. డ్యాంప్ నీళ్ళకుండ కింది ఇసుకలో. వెట్ బట్టలుతికే రాయి దగ్గర. బ్రింగ్ గుమ్మం లోపల, టేక్ వీధి గేటు అవతల. లెండ్ మా పనిముట్ల కొట్టు తలుపు దగ్గర. బారో మాత్రం మా ఇంట్లో పెట్టడానికి లేదు, అడిగి తెచ్చుకునేది కాబట్టి పొరుగున ఉన్న వడ్రంగి కంచె దగ్గర పెట్టాం. మాటని దాని చోట నిలబడే అనాలి. కదిలితే అనకూడదు. జంటలో మొదటిది వేరు పట్టేదాకా రెండోదాని పేరెత్తకూడదు. ఇవీ మా షరతులు.

ఇక చూడాలి మా ఇంటి హడావిడి. తెల్లారేసరికి ఆమె కుండ కింద వేళ్ళు పెట్టి "డ్యాంప్" అనేది. పది రోజులు పోయాక ఉతుకురాయి మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించి "వెట్" అంది. రెండూ కలవలేదు. ఆ రోజు అమ్మ కూడా రాయి దగ్గరకొచ్చి, కాలు జారి, పట్టుకుని నిలబడి, "వెట్టే," అంది గట్టిగా.

వడ్రంగికి మాత్రం విసుగొచ్చింది. రోజూ పొద్దున ఆమె కంచె దగ్గర నిలబడి, "మే ఐ బారో యువర్ రంపం?" అనేది. రంపానికి ఇంగ్లీషు మాకింకా రాలేదు.

"ఏం కోస్తున్నావమ్మా రోజూ?" అన్నాడొకనాడు.

"ఏమీ కొయ్యడం లేదన్నా. తీసుకుని, మళ్ళీ ఇచ్చేస్తా."

"దానికి నా రంపం ఎందుకు?"

"నీదైతేనే కదా నేను అడిగేది."

వడ్రంగి కాసేపు ఆలోచించి, అందులో తప్పేమీ కనపడక, మర్నాటి నుంచి ఆమె నోరు తెరవకముందే రంపం కంచె మీంచి అందించడం మొదలుపెట్టాడు. అడగకుండా ఇస్తే నాకు లాభం లేదన్నా అని ఆమె బతిమాలేది.

కండక్టరు కొత్త జంటలు చీటీల మీద తెచ్చేవాడు, కానీ రెండూ ఒకరోజు తెస్తే అమ్మ ఊరుకునేది కాదు. "ఒకటి ఇచ్చి ఒకటి జేబులో పెట్టుకో. పక్కవారం ఇద్దువుగాని." సే వంటింట్లోకి, టెల్ అమ్మ మంచం దగ్గరకు వెళ్ళాయి. ఎక్కడ ఖాళీ ఉందా అని ఇల్లంతా కొలుచుకున్నాం. అన్నీ వేరు పట్టాయని కాదు, కొన్ని వాడిపోయాయి. నిలిచినవి మాత్రం గట్టిగా నిలిచాయి.

పరీక్ష రోజు ఆమె ఎప్పటి పనిబట్టల్లోనే వెళ్ళింది. నేను ఆఫీసు గది కిటికీ కింద కూర్చుని సంచుల్లో మట్టి నింపుతున్నాను. అక్కడ నింపాల్సిన అవసరమేమీ లేదు. లోపల ఇద్దరు ఆఫీసర్లు. ఒకామె జుట్టు పూర్తిగా నెరిసింది, కళ్ళద్దాలు తాడుకట్టి మెడలో వేసుకుంది. ఇంకొకతను కుర్రాఫీసరు, బూట్లు మెరుస్తున్నాయి. మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

పేరు అడిగారు, చెప్పింది. ఎన్నేళ్ళ అనుభవం అంటే చెప్పింది. మూడో ప్రశ్న ఆ పెద్దావిడ వేసింది. కొత్త అంటుకు మట్టి ఎలా ఉండాలని. నాక్కూడా అర్థమైంది.

లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

నా చేతిలో మట్టి అలాగే ఉంది. ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. ఆ గదిలో కుండ లేదు. ఉతుకురాయి లేదు, కొట్టు తలుపు లేదు, వడ్రంగి కంచె లేదు. మాటలన్నీ మా ఇంటి చుట్టూ ఉన్నాయి, ఆమె ఒక్కతే ఇక్కడికి వచ్చింది. లోకంలో ఎవరూ పరీక్షకు ఇలా చదివి ఉండరు. కుర్చీలో కూర్చోబెట్టి అడుగుతారన్న సంగతి మా సంబరంలో ఒక్కరికీ తట్టలేదు.

కుర్రాఫీసరు కాగితం తిప్పాడు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు కుర్చీ కీచుమంది.

"ప్లీజ్," అంది ఆమె. "కమ్."

"వేర్?" అన్నాడు కుర్రాఫీసరు.

"అవుట్‌సైడ్. మై ఇంగ్లిష్ ఈజ్ అవుట్‌సైడ్."

నేను లేచి నిలబడ్డాను. నెరిసినజుట్టావిడ ఒక్క క్షణం ఆమెను చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని, గొడుగు తీసుకుంది.

ముందు షెడ్డు. పుల్ల కోసి, వేరుమొక్క చీల్చి, రెంటినీ కలిపి పట్టీ చుడుతూ ఆమె చెప్పుకుపోయింది. ఒక్కో మాట వెనక ఒక్కో పని. వల కింద నిలబడి తల పైకెత్తి "షేడ్" అంది, నాటినట్టుగా. పెద్దావిడ మట్టి సంగతి మళ్ళీ అడిగింది. ఆమె జవాబు చెప్పకుండా చకచకా కంచె వైపు నడిచింది. వెనకాల గొడుగు, దాని వెనక మెరిసే బూట్లు, మేనేజరు, చివర నేను.

అమ్మ వాకిట్లో బియ్యంలో రాళ్ళేరుతోంది. కంచె సందులోంచి ఒక్కొక్కరే రావడం చూసి చేట పక్కనపెట్టి కాళ్ళు ముడుచుకుంది.

ఆమె కుండ కింద ఇసుకలోకి వేళ్ళు దూర్చింది. "డ్యాంప్. న్యూ ప్లాంట్, లైక్ దిస్." లేచి ఉతుకురాయి దగ్గరకు వెళ్ళి చెంబెత్తి నీళ్ళు కొట్టింది. "దిస్, వెట్. రూట్స్ డై." నీళ్ళు బూట్ల మీద చిందాయి. కుర్రాఫీసరు వెనక్కి జరిగాడు గానీ ఏమీ అనలేదు.

కొత్తమ్మాయి ఒకతె కత్తి లేకుండా వస్తే ఏం చేస్తావని అడిగింది పెద్దావిడ. మా ఆవిడ కొట్టు తలుపు దగ్గరకు పరుగులాంటి నడకతో వెళ్ళి తన కత్తి తీసింది. "ఐ లెండ్ మై నైఫ్. టుడే. ఓన్లీ టుడే. టుమారో, హర్ నైఫ్."

అప్పుడే వడ్రంగి ఆమె గొంతు విని, తలెత్తకుండానే, అలవాటుగా రంపం కంచె మీంచి చాచాడు. దగ్గరున్నది కుర్రాఫీసరు. అతను రంపం అందుకుని ఏం చెయ్యాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు.

"సారీ, బ్రదర్," అంది ఆమె కంచె దగ్గరకొచ్చి. "టుడే, ఐ డోంట్ బారో."

వడ్రంగి తలెత్తి చూసి రంపం వెనక్కి లాక్కున్నాడు. అమ్మ చేట అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వింది.

కుర్రాఫీసరు మాత్రం నవ్వలేదు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని తన ప్రశ్న తను అడిగాడు. నిదానంగా అడిగాడు, అందరికీ తెలిసేలా. ఒకమ్మాయి వారమంతా కట్టిన అంటులన్నీ చచ్చిపోయాయి. ఒక్కటీ బతకలేదు. ఆ పిల్లకి ఏం చెప్తావు?

ఆమె చుట్టూ చూసింది. నేనూ చూశాను. కుండ, రాయి, గోడ, కొట్టు. దీనికి మేం ఎక్కడా ఏమీ నాటలేదు.

ఆమె పొయ్యి పక్క కట్టెల్లోంచి పచ్చి పుల్ల ఒకటి ఏరి, తన కత్తితో సహా అతని చేతిలో పెట్టింది. కొయ్యమన్నట్టు చూపించింది. అతను కోశాడు, వంకరగా పోయింది. ఆమె దాన్ని తీసుకుని చూసి పక్కన పడేసి ఇంకో పుల్ల ఇచ్చింది.

"అగైన్."

రెండోసారి కత్తి జారి అతని బొటనవేలు చిన్నగా తెగింది. ఆమె జేబులోంచి అంటుపట్టీ తీసి, మొక్కకి చుట్టినట్టే వేలికి చుట్టి, మూడో పుల్ల ఇచ్చింది. అతన్ని కింద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

"అగైన్. స్లో. ఐ యామ్ హియర్."

మూడోది కాస్త తిన్నగానే వచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. పెద్దావిడ అప్పటికే పెన్ను మూత పెట్టేసింది.

నర్సరీలో మధ్యాహ్నం గంట కొట్టారు. అందరం కదలకుండా ఉంటే అమ్మ లేచి, నేరుగా ఆఫీసరమ్మ ముందుకు వెళ్ళి, "ఈట్?" అంది. ఆ మాట అమ్మకు ఎవరు నేర్పారో నాకిప్పటికీ తెలీదు.

పెద్దావిడ గొడుగు గోడకు ఆనించి, ఉతుకురాయి దగ్గర చేతులు కడుక్కుంది. తుడుచుకుంటూ మా ఆవిడతో రెండే మాటలు చెప్పింది. సోమవారం ముప్పైమందీ వస్తారు. వాళ్ళని ఏ గదిలోనూ కూర్చోబెట్టొద్దు, మమ్మల్ని తిప్పినట్టే తిప్పు. ఇంగ్లీషులోనే చెప్పింది. ఒక్క మాట కూడా నాకు తప్పిపోలేదు. మా ఆవిడ తలూపింది, అంతే.

వాకిట్లోనే కూర్చున్నాం. అన్నం, కూర, అందరికీ సరిపోవని అమ్మ ఇంకో ఎసరు పెట్టింది. కంచాలు చాలక నేను మూతలో పెట్టుకున్నాను. అతిథుల్ని కూర్చోబెట్టుకుని అమ్మ మొదటి ముద్ద కోడలి కంచంలో వడ్డించింది. ఎప్పుడూ అలా చేసిన మనిషి కాదు. మా ఆవిడ వద్దనలేదు. కుర్రాఫీసరు పట్టీ చుట్టిన వేలు ఎత్తిపట్టి నెమ్మదిగా తింటున్నాడు. చినుకు మొదలైనా ఎవరూ లేవలేదు. కూర గిన్నె అడుగు గరిటెకు తగిలేదాకా అలాగే, తలలు వంచుకుని, కడుపునిండా తిన్నాం.